టీకా వేసుకున్నా తట్టు వస్తుందా? ఇండియా డోసు అమెరికా స్కూల్లో చెల్లదా?

ప్రశ్న: ఏడాది క్రితం హైదరాబాద్ నుంచి టెక్సాస్‌లోని ఫ్రిస్కోకు వచ్చాం. బాబుకు నాలుగున్నరేళ్లు. 9వ నెలలో, 17వ నెలలో ప్రభుత్వ ఆసుపత్రిలో ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా వేయించాం. మొదటి డోసు చెల్లదని స్కూల్‌వాళ్లు అంటున్నారు. టీకా పడ్డవాళ్లకూ తట్టు వచ్చిందని వార్తల్లో చూశాం. మళ్లీ ఎందుకు వేయించాలి? పాపకు 7 నెలలు, వచ్చే నెల ఇండియా వెళ్తున్నాం.

జవాబు: స్కూల్‌వాళ్లు చెప్పింది నిజమే. మొదటి పుట్టినరోజుకు ముందు వేసిన డోసును అక్కడ లెక్కలోకి తీసుకోరు, నాలుగు రోజుల వెసులుబాటు మాత్రం ఉంది. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు బిడ్డ ఒంట్లో కొన్ని నెలలు ఉండి, టీకాలోని బలహీనపరిచిన వైరస్‌ను పెరగనివ్వవు. అందుకే 9వ నెలలో వేస్తే సుమారు 85 శాతం మందికి, ఏడాది నిండాక వేస్తే 93 శాతం మందికి రక్షణ వస్తుంది. మన దగ్గర తట్టు ఇంకా తిరుగుతోంది, ఏడాది దాకా ఆగితే ప్రమాదం. అందుకే తెలిసే ముందు వేస్తారు.

17వ నెల డోసు తట్టు వరకూ చెల్లుతుంది. అయితే ఎంఆర్‌లో గవదబిళ్లల టీకా ఉండదు. టెక్సాస్‌లో కిండర్‌గార్టెన్‌కు ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకా) రెండు డోసులు అడుగుతారు. కాబట్టి ఇప్పుడొకటి, కనీసం 28 రోజుల తర్వాత ఇంకొకటి వేయించండి. అదనపు డోసుతో హాని లేదు. చికెన్‌పాక్స్ టీకా బాకీ ఉంటే అదే రోజు వేయించాలి, కుదరకపోతే 28 రోజులు ఆగాలి.

ఇక వార్తల సంగతి. వంద మంది పిల్లల్లో 95 మందికి రెండు డోసులూ పడ్డాయి, ఐదుగురికి ఒక్కటీ పడలేదు. అందరికీ వైరస్ తగిలిందనుకోండి. టీకా పడ్డవాళ్లలో ముగ్గురికి, పడని ఐదుగురికీ దాదాపుగా తట్టు వస్తుంది. ఎనిమిది కేసుల్లో మూడు టీకా పడ్డవాళ్లవే కదా అంటారు! ఆ లెక్కన వంద మందికీ టీకా వేసేస్తే, వచ్చే ఆ మూడు కేసులూ నూటికి నూరు శాతం టీకా పడ్డవాళ్లవే అవుతాయి. కాబట్టి చూడాల్సింది ఏ వర్గంలో ఎంత మందికి గాను ఎంత మందికి వచ్చిందన్నది: ఐదుగురిలో ఐదుగురికి, 95 మందిలో ముగ్గురికి. పైగా ఆ ముగ్గురికీ జబ్బు సాధారణంగా తేలిగ్గా పోతుంది.

రాష్ట్రం మొత్తానికి సగటు బాగున్నా సరిపోదు. టీకా వేయించని కుటుంబాలు ఒకేచోట గుమిగూడి ఉంటే వైరస్‌కు అదే చాలు. 2025లో పశ్చిమ టెక్సాస్‌లో మొదలైన ఒక్క వ్యాప్తిలోనే 762 కేసులు తేలాయి, ఎక్కువ భాగం అక్కడి గెయిన్స్ కౌంటీ చుట్టూనే. చనిపోయిన ఇద్దరు పిల్లలకూ టీకా పడలేదు.

పాపకు ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు ఎంఎంఆర్ ఒక డోసు వేయించండి. 6 నెలలు నిండితే వేయొచ్చు. ఇది లెక్కలోకి రాదు. ఏడాది నిండాక మామూలు రెండు డోసులూ మళ్లీ వేయించాలి. వేసిన 7 నుంచి 12 రోజుల మధ్య జ్వరం రావచ్చు. బరువును బట్టి ఒకసారికి కిలోకు 15 మిల్లీగ్రాముల పారాసిటమాల్ చాలు, ఆస్పిరిన్ వద్దు. టీకా వేసిన మర్నాడే జ్వరం లేదు కదా అని నిశ్చింతగా ఉండి, పదో రోజు కంగారుపడేవాళ్లు ఉంటారు.

మీ సంగతి కూడా చూసుకోండి. ఇండియాలో ప్రభుత్వ టీకాల్లో రెండో డోసు 2010లో గానీ మొదలవలేదు, కాబట్టి మీ తరంలో చాలామందికి పడింది మహా అయితే ఒకటే. రికార్డు లేకపోతే ఇద్దరూ 28 రోజుల తేడాతో రెండు డోసులు వేయించుకోండి. పాలిచ్చే తల్లి వేయించుకోవచ్చు. గర్భిణి అయితే వద్దు, వేయించుకున్నాక నాలుగు వారాలు గర్భం రాకుండా చూసుకోవాలి.

ఎక్కడైనా తట్టు ఉన్నవాళ్ల దగ్గరున్నామని తెలిస్తే 72 గంటల్లోపు టీకా, లేదా ఆరు రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) పనిచేస్తుంది. జ్వరం, దగ్గు, ఎర్రబడ్డ కళ్లు, ముఖం నుంచి కిందికి పాకే దద్దుర్లు కనిపిస్తే నేరుగా క్లినిక్‌కు వెళ్లకండి, ముందు ఫోన్ చేయండి. రోగి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గది గాలిలో వైరస్ ఉంటుంది.