నీళ్లు తాగిన ఇంజన్‌కు లక్ష పెట్టవచ్చునా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గరి పల్లె. 2013 నాటి మా డీజిల్ కారు మొన్నటి వానలకు కాలువ గట్టు కింద నీళ్లలో ఆగిపోగా, రెండుమూడుసార్లు సెల్ఫ్ కొట్టాను. రాడ్డు వంగిందనీ, బాగుచేయడానికి లక్ష అవుతుందనీ మెకానిక్ అంటున్నారు. ఉంచుకోమంటారా, అమ్మేయమంటారా?

జవాబు: నీరు గాలిలా నొక్కుకుపోదు కనుక, సిలిండర్‌లో చేరిన నీటిని పిస్టన్ నెట్టబోయినప్పుడు కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టడమే కొంప ముంచి ఉండవచ్చు. లక్ష అన్న మాటను అప్పుడే ఖాయం చేసుకోకండి. ఇంజన్ విప్పించి, క్రాంక్ షాఫ్టును, అంటే ఆ రాడ్డు తిప్పే ఇరుసును, లేత్ షాపులో కొలిపించి, బ్లాకులో చీలిక లేదని తేలాకే అంచనాను కాగితం మీద రాయించుకోండి. అంతకన్నా ముందు బండిని పైకెత్తించి అడుగు చూడండి. ఉప్పుగాలి తగిలే కోనసీమలో ఇంజన్ బాగున్నా తుప్పుతో పోయే బండ్లున్నాయి. స్క్రూడ్రైవరుతో పొడిస్తే రేకు పెచ్చులుగా రాలితే రూపాయి కూడా పెట్టవద్దు. అడుగు గట్టిగా ఉండి, క్రాంక్ షాఫ్టు కొలతలో సరిగా తేలితే మాత్రం ఉంచుకోమనే నా సలహా. అయితే 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ 2028లో ముగుస్తుంది, ఆపై పొడిగింపునకు ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. బాగుచేయించే బదులు వేరే బండిలో వాడిన ఇంజన్ కొని వేయిస్తే దాని నంబరును ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. బీమా పత్రంలో ఇంజన్ రక్షణ కోసం అదనపు ప్రీమియం కట్టారేమో కూడా, బండి విప్పించకముందే చూసుకోండి.