మూఢమి వచ్చినా వడ్డీ ఆగదు

ప్రశ్న: మాది నరసన్నపేట. శ్రీకాకుళంలో స్టూడియోలకు రోజు లెక్కన పెళ్లిళ్ల ఫొటోలు తీస్తాను. నెలకు 32 వేలు వస్తాయి, ఆషాఢంలో 8 వేలు కూడా రావు. ఇంటి ఖర్చు 15 వేలు. అమ్మకు షుగరు, ఆరోగ్యశ్రీ ఉంది. నా దగ్గర కెనాన్ 1500డి, కిట్ లెన్సు ఉన్నాయి. మనుషుల ఫొటోలు బాగా రావాలని 90డి కొందామనుకుంటున్నాను. లెన్సుతో కలిపి 1,10,000 చెప్పారు. దాచుకున్న 40 వేలు పోను మిగతా 70 వేలు తెలిసినవాళ్లు నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ప్రోనోటు మీద సంతకం పెట్టకండి.

ఫొటోగ్రాఫర్లు, షామియానా వాళ్లు, మేళం వాళ్లు అందరూ చేసే తప్పే ఇది. ముహూర్తాల నెలలో వచ్చిన డబ్బును జీతం అనుకుంటారు. మీ 32 వేలు జీతం కాదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢమి వస్తే అదీ తీసేయండి. ఏడాదిలో ఎన్ని నెలలు మిగిలాయో మీరే చూసుకోండి. 70 వేలకు నూటికి మూడంటే నెలకు 2,100, ఏడాదికి 25,200. అంత కట్టాక కూడా అసలు 70 వేలు చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది! 8 వేలు కూడా రాని నెలలో ఇంటికి పెడతారా, వడ్డీకి పెడతారా? ‘తెలిసినవాళ్లు’ అంటున్నారు. రెండు నెలలు వడ్డీ ఆపి చూడండి, ఎంత తెలిసినవాళ్లో తెలుస్తుంది.

నాకు వడ్డీ కన్నా ఎక్కువ కోపం తెప్పించింది ఆ 40 వేలను కెమెరాకు పెడతాననడం. అది అడ్వాన్సు డబ్బు కాదు, మీ ఇంటి అత్యవసర నిధి, అదీ సగం కూడా నిండనిది. జీతగాళ్లకు మూడు నెలల ఖర్చు చాలంటాను. మీకు ఆరు నెలలది ఉండాలి, అంటే 90 వేలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి మీ జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. తోట పోయిన ఇంట్లో ఆల్బమ్ ఆర్డరు ఎవరిస్తారు? అమ్మగారికి ఆరోగ్యశ్రీ ఉండటం మంచిదే. కానీ నెలనెలా మందుల షాపు బిల్లు, రాత్రికి రాత్రి విశాఖ తీసుకెళ్లే కారు కిరాయి ఆ కార్డు కట్టదు.

తక్కువ పడింది 50 వేలు. ముహూర్తాల నెలల్లో 12 వేల చొప్పున పక్కన పెడితే నాలుగైదు నెలల్లో నిండుతుంది. వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఆ ఖాతాకు యూపీఐ పెట్టుకోవద్దు.

మరి కెమెరా? మనిషి ముఖం బాగా రావడానికి బాడీ (లెన్సు తీసేసిన కెమెరా) కన్నా లెన్సే ఎక్కువ పనిచేస్తుంది. పది వేలకు అటూఇటూగా దొరికే 50 ఎంఎం ఎఫ్1.8 లెన్సు మీ 1500డికే సరిపోతుంది. మీ కెమెరా లోపలి సెన్సారు చిన్నది కాబట్టి దాని మీద 80 ఎంఎం లాగా, అంటే కాస్త దగ్గరగా చూపిస్తూ పనిచేస్తుంది. ముఖం సాగదు, వెనక మండపం సీరియల్ లైట్లు మెత్తగా కరిగిపోతాయి. రేపు 90డి కొన్నా అదే లెన్సు దానికీ పెట్టుకోవచ్చు. కెమెరా ఫోకస్ పట్టుకునే చోట్లు, అంటే ఫోకస్ పాయింట్లు 90డిలో 45, మీ దాంట్లో 9. తలంబ్రాల దగ్గర ఆ తేడా నిజమే, కాదనను. అలాంటి పెళ్లికి ఆ రోజుకు అద్దెకు తెచ్చుకుని, ఆ కిరాయిని పెళ్లివారి బిల్లులో కలపండి.

అమ్మగారి బంగారం తాకట్టు, కార్డు మీద ఈఎంఐ: రెండూ ఇప్పుడొద్దు. నిధి నిండాక కూడా అప్పు తప్పదంటే బ్యాంకులో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా శిశు రుణం అడగండి, 50 వేల వరకు హామీ లేకుండా ఇస్తారు.

అప్పటికి సెకండ్‌హ్యాండ్ 90డి దొరికితే ముందు షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టారో చూపించమనండి. ఆ షట్టరుకు కంపెనీ చెప్పే ఆయుష్షు 1,20,000 క్లిక్కులు. పెళ్లికి రెండు వేలు కొట్టేవాళ్ల చేతిలో అది అరవై పెళ్లిళ్లకే అయిపోతుంది. కౌంట్ చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.