‘కన్యాశుల్కం’ లేదన్న కంప్యూటరు

(విజయనగరంలో ముప్పై మూడేళ్ళు కళాశాల గ్రంథపాలకురాలిగా పనిచేసి పదవీ విరమణ చేసిన రచయిత్రి ఈ శీర్షికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తారు.)

ప్రశ్న: మేడమ్ గారూ, నేను లైబ్రరీ సైన్సు చదువుతున్నాను. ‘అన్నీ ఫోనులోనే దొరుకుతుంటే లైబ్రేరియన్లతో ఎవరికి పని?’ అంటున్నారు మా ఇంట్లో. మానేసి బి.ఎడ్.లో చేరమని నాన్నగారి పట్టు. మీరైతే ఏమి చెబుతారు?
– ఒక విద్యార్థిని, నరసన్నపేట

జవాబు: అమ్మా, పన్నెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఎం.ఏ. తెలుగు చదివే అమ్మాయి ఒకతె మా కౌంటరు దగ్గరికి వచ్చి, “మేడమ్, మన లైబ్రరీలో కన్యాశుల్కం లేదట” అన్నది. గురజాడ వారు బతికిన ఊళ్ళో, కాలేజీ లైబ్రరీలో, కన్యాశుల్కం లేదట! ఎవరన్నారమ్మా అని అడిగితే కంప్యూటరు చూపించింది. నిజమే. తెర మీద సున్నా ఫలితాలు.

చేయి పట్టుకుని బీరువా దగ్గరికి తీసుకువెళ్ళాను. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827, నాటకమైతే చివర ఇంకొక 2. ఆ వరుసలో ఐదు ప్రతులున్నాయి. మూడింటి ముఖపత్రం (అట్ట తరువాత పుస్తకం పేరుండే పుట) మీద ‘కన్యాశుల్కము’ అని ఉంది, కంప్యూటరులోకి ఎక్కించినవారు ఉన్నది ఉన్నట్టు ఎక్కించారు. అమ్మాయి సున్నతో కొట్టింది. మనకు రెండూ ఒకటే, యంత్రానికి రెండూ వేరు మాటలు. మిగిలిన రెండు ప్రతులను ఇంకెవరో ఇంగ్లీషు అక్షరాలతో, ఒక్కోదాన్ని ఒక్కో స్పెల్లింగుతో రాసి పెట్టారు. అవి ఏ వెతుకులాటకూ చిక్కవు.

కథ అక్కడితో అయిపోలేదు. “నీకు ఏ కన్యాశుల్కం కావాలి?” అని అడిగాను. తెల్లబోయి చూసింది. 1897లో అచ్చయినది ఒకటి, గురజాడ వారు దాదాపు తిరగరాసి 1909లో వేసినది మరొకటి. ఇప్పుడు మనం చదువుకునేది, నాటకంగా చూసేది ఎక్కువగా ఈ రెండోదే. వాళ్ళ మాస్టారు ఇచ్చిన పనేమో రెండింటిలో పాత్రలు ఎలా మారాయో రాయమని. రెండున్నాయన్న సంగతే ఆ పిల్లకు తెలియదు. తెలియనిదాన్ని ఎవరైనా ఎలా వెతుకుతారు? ‘నీకు ఏది కావాలి, ఎందుకు కావాలి’ అని ఎదురు ప్రశ్న వేయడమే మన పనిలో సగం. మీ పాఠాల్లో దాన్ని రిఫరెన్స్ సేవ అంటారు. ఇంటర్నెట్ వచ్చాక ఆ ప్రశ్న అవసరం పెరిగిందే కానీ తగ్గలేదు. అప్పట్లో పాఠకుడు ‘దొరకలేదు’ అని వచ్చేవాడు. ఇప్పుడు నలభై దొరికాయని వస్తాడు, వాటిలో ఏది నమ్మాలో తెలియక.

ఇంకొకటి చెప్పాలి, ఇది నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి. మాకు మొదటిసారి కంప్యూటర్లు వచ్చినప్పుడు పుస్తకాల పేర్లు ఎక్కించే పని కాంట్రాక్టుకు ఇచ్చారు. వాళ్ళు అప్పటి అచ్చుపనికి వాడే తెలుగు ఫాంటులో కొట్టారు. నాలుగేళ్ళకు కంప్యూటర్లు మార్చేసరికి ఆ పేర్లన్నీ అర్థం లేని గుర్తులుగా మారిపోయాయి. నాలుగు వేల తెలుగు పుస్తకాలు! అదృష్టవశాత్తు కార్డుల బీరువాను పారవేయనివ్వలేదు నేను. వెడల్పు పన్నెండున్నర, ఎత్తు ఏడున్నర సెంటీమీటర్ల అట్ట, అడుగున చిల్లు, ఆ చిల్లులోంచి సొరుగు పొడవునా ఊచ. కొన్ని కార్డుల మూలలు వేళ్ళ మరకలతో నల్లబడి ఉండేవి. ఆ నలుపును బట్టే జనం ఎక్కువగా అడిగే పుస్తకమేదో చెప్పగలిగేవాళ్ళం. ఆ కార్డులు చూసుకుంటూ ఇద్దరు విద్యార్థులు, నేను కలిసి పద్నాలుగు నెలలు యూనికోడ్‌లో (ఏ కంప్యూటరులోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి అది) మళ్ళీ ఎక్కించాం. ఈసారి కన్యాశుల్కము పక్కన కన్యాశుల్కం కూడా రాశాం. పాత కార్డుల్లో ‘కారా – చూడు: కాళీపట్నం రామారావు’ అని ఉండేది కదా, ఆ ‘చూడు’లన్నిటినీ కంప్యూటరులోకి తెచ్చాం. ఏ పేరుతో అడిగినా మనిషి దొరకాలి.

ఇప్పుడు నువ్వు నేర్చుకోవలసింది ఇదే. కోహా అనేది గ్రంథాలయ పట్టికను నడిపే, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు, న్యూజీలాండ్‌లో పుట్టింది. జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం వారి ఈ-గ్రంథాలయ కూడా ఉంది. వాటిని నడపడం నెల రోజుల్లో వస్తుంది. తెలుగు పేరును పదిమందీ పది రకాలుగా రాస్తారని ముందే ఊహించి పట్టికలో పెట్టడం మాత్రం తెలుగు చదివినవాళ్ళకే వస్తుంది. ఒకసారి శ్రీకాకుళం వెళ్ళి కథానిలయం చూసి రా. కారా మాస్టారు 1997లో తెలుగు కథల కోసమే పెట్టిన గ్రంథాలయం అది. అక్కడి కథలు ఈరోజు ఇంటర్నెట్‌లో కూడా చదవగలుగుతున్నామంటే, పాత పత్రికలు ఒక్కొక్కటీ తిప్పి కథ పేరు, రచయిత, పత్రిక, నెల రాసిన చేతులున్నాయి. నాన్నగారిని కూడా వెంట తీసుకువెళ్ళు.

ఉద్యోగాల సంగతి దాచను. నాకు తెలిసిన శాఖా గ్రంథాలయాల్లో ఒక్కరే రెండు చోట్ల చూసుకుంటున్నవి ఉన్నాయి. నియామకాల కోసం ఏళ్ళ తరబడి చూడవలసి రావచ్చు. బి.ఎడ్. చేస్తే చెయ్యి, కానీ ఈ డిగ్రీని మధ్యలో వదలకు.

ప్రశ్న: మా శాఖా గ్రంథాలయంలో ఎప్పుడు చూసినా పోటీ పరీక్షల పిల్లలే. పుస్తకాలు, ఫోన్లు వాళ్ళవే. కుర్చీ, ఫ్యాను మాత్రం గ్రంథాలయానివి. దీన్ని గ్రంథాలయం అనవచ్చా?
– విశ్రాంత ఉపాధ్యాయులు, చీపురుపల్లి

జవాబు: అనవచ్చు మాస్టారూ. ఇంట్లో కూర్చుని చదువుకునే చోటు లేని పిల్లలు వాళ్ళు. మీరు కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వెళుతుంది. అది ఒక పిల్లవాడికి నీడ, వెలుతురు ఇస్తే సద్వినియోగమే. అయితే గ్రంథపాలకుడు తాళాలకే పరిమితమైతే మీతో పాటు నేనూ బాధపడతాను. నాకు తెలిసిన ఒకాయన ప్రతి ఉదయం నోటీసు బోర్డు మీద ఆ రోజు ఫోన్లలో తిరుగుతున్న ఉద్యోగ ప్రకటనలు రాసి, అధికారిక వెబ్‌సైటులో ఉన్నవాటికి పచ్చ సిరాతో, లేనివాటికి ఎర్ర సిరాతో గుర్తు పెడతారు. పిల్లలు వస్తూనే ముందు ఆ బోర్డు దగ్గరికి వెళతారు. ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహించే జాతీయ డిజిటల్ గ్రంథాలయంలో ఎలా వెతకాలో కూడా ఆయనే కూర్చోబెట్టి చూపించారు. నవలలు బీరువాలో దాచకుండా పిల్లలు కూర్చునే బల్లల మీద పెట్టించండి. చదివి చదివి అలసినవాడి చెయ్యి దానంతటదే వెళుతుంది.

ప్రశ్న: మా తాతగారు సేకరించిన పుస్తకాలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: రచయిత మరణించిన తరువాతి సంవత్సరం నుంచి లెక్కించి 60 ఏళ్ళు నిండితే కాపీరైటు తీరిపోతుంది, పెట్టవచ్చు. 1915లో పోయిన గురజాడ వారి రచనలు, 1940లో పోయిన గిడుగు వారి రచనలు అందరివీ. కారా మాస్టారు 2021లో పోయారు కనుక ఆయన కథలకు ఇంకా చాలా కాలముంది. పాత పుస్తకానికి కొత్తగా రాసిన పీఠిక ఉంటే దాని లెక్క వేరు. స్కాన్ చేసేటప్పుడు ముఖపత్రాన్ని, దాని వెనుక పుటను వదిలిపెట్టకండి. ముద్రణ సంవత్సరం, ఎన్నో కూర్పు అన్న వివరం చాలాసార్లు ఆ వెనుక పుట మీదే ఉంటుంది. అవి లేక ఏ కాలపు పుస్తకమో తేల్చలేక నేను పక్కన పెట్టినవి ఎన్నో.