నమ్మినవాడే ముంచే కథ, అందులో డిటెక్టివ్ మహిళ: ఏ నవల చదవాలి?

స్యూ గ్రాఫ్టన్ 1982లో రాసిన 'ఎ ఈజ్ ఫర్ అలిబై' చదవండి. ముగింపు తెలియకూడదనుకుంటే మాత్రం ఇక్కడే ఆగిపోండి.

కాలిఫోర్నియాలో కిన్సీ మిల్‌హోన్ ప్రైవేట్ డిటెక్టివ్. లాయరైన భర్తను చంపిందని ఎనిమిదేళ్లు జైల్లో ఉన్న ఒకావిడ బయటికొచ్చి, అసలు హంతకులెవరో తేల్చమంటుంది. పోయిన ఆ లాయరు మింగిన అలర్జీ మందులో ఉన్నది గన్నేరు విషం. (గన్నేరు పప్పు సంగతి మనకు కొత్తా!) విడాకుల గొడవల్లో మాజీ భర్త మీద కోపంతో ఊహించుకున్న ప్లానే ఇదని రచయిత్రే చెప్పుకుంది.

అసలు దెబ్బ వేరేచోట ఉంది. చనిపోయిన లాయరుతో కలిసి ప్రాక్టీసు చేసిన భాగస్వామి చార్లీకి కిన్సీ దగ్గరవుతుంది. కేసులో ఉన్న మనిషితో అలా ఉండకూడదని ఆమెకు తెలుసు, అయినా ఆగదు. చివరికి రాత్రి బీచ్‌లో అతనే ఆమెను వెంటాడతాడు. తనొకర్ని చంపానని కిన్సీ మొదటి పేజీలోనే చెప్పేస్తుంది. అయినా ఆ ఒకరు చార్లీ అని మనకు తట్టదు, ఎందుకంటే కథంతా ఆమె కళ్లతోనే చూస్తాం. ఆమె నమ్మినంతసేపూ మనమూ నమ్ముతాం. లాయర్‌ని చంపింది మాత్రం చార్లీ కాదు, అది ఇంకో మలుపు.