జెర్రీ రైస్‌నే బెస్ట్ రిసీవర్ అని ఎందుకంటారు?

"పెద్ద స్పీడేం లేదంటారు కదా, మరి బెస్ట్ రిసీవర్ అంటే అందరూ జెర్రీ రైస్ పేరే ఎందుకు చెప్తారు?" అని అడిగారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో రిసీవర్ అంటే, విసిరిన బంతిని పరిగెత్తి పట్టుకునేవాడు. నేను శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఎనిమిదేళ్ళున్నానండి, మొదట్లో ఆ ఆట నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, గుద్దుకోవడం, పడిపోవడం, మధ్యలో యాడ్స్, అంతే. రైస్ చిన్నప్పటి సంగతి విన్నాకే కాస్త ఇంట్రస్ట్ వచ్చింది.

ఊరు మిస్సిసిప్పీలో క్రాఫర్డ్, నాన్న తాపీ మేస్త్రీ. కింద నుంచి అన్నదమ్ములు ఇటుకలు విసిరితే ఈయన పైన నిలబడి పట్టుకునేవాడు. మన దగ్గర మేడ కట్టేటప్పుడు చూసే ఉంటారుగా, పైనున్న మనిషి ఇటుకని లాక్కోడు, చేతులు కాస్త వెనక్కి తీస్తాడు, అదే వచ్చి అరచేతుల్లో కూర్చుంటుంది. మా ఇల్లు కడుతున్నప్పుడు నేనూ ట్రై చేశా, గట్టిగా పట్టబోయి చెయ్యంతా గీరుకుపోయి అమ్మ చేత తిట్లు తిన్నా.

అలాంటి చేతులున్నోడు కూడా 1985లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు ఫార్టీనైనర్స్‌కి వచ్చిన కొత్తల్లో తేలిక బంతులు జారవిడిచి సొంత జనం చేతే బూ అనిపించుకున్నాడు. డిసెంబర్‌కల్లా రామ్స్ జట్టు మీద ఒక్క మ్యాచ్‌లో 241 యార్డులు (బంతి పట్టి ముందుకు తెచ్చిన దూరం), ఇంక ఆపినవాళ్ళు లేరు. 1989 జనవరి సూపర్ బౌల్‌లో, అంటే సీజన్ ఫైనల్లో, 215 యార్డులు, ఆ మ్యాచ్ బెస్ట్ ప్లేయర్ (ఎంవీపీ) కూడా ఈయనే.

స్పీడ్ సంగతికొస్తే, రిసీవర్ ఎటు పరిగెత్తాలో, ఎన్నో అడుగులో తిరగాలో ముందే అనుకుని ఉంటారు, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) విసిరేది ఆ చోటుకే, అందుకని ఉత్త వేగం కన్నా ఆ తిరగడం ఆట చివరి నిమిషంలో కూడా అంతే కచ్చితంగా ఉండాలి, దానికి దమ్ము కావాలి. ఆ దమ్ము కోసం ఆయన శాన్ కార్లోస్ దగ్గర ఎడ్జ్‌వుడ్ పార్కు కొండ రెండున్నర మైళ్ళు పరుగెత్తి ఎక్కేవాడు. ఓ ఆదివారం నేనూ వెళ్ళా, పరుగు కాదులెండి, నడకే, అయినా సగంలోనే ఆగి ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాల్సొచ్చింది, పక్కనుంచి ఒక పెద్దావిడ నవ్వుతూ దాటేసింది.

40 ఏళ్ళు నిండిన 2002 సీజన్‌లో, రైడర్స్ అనే ఇంకో జట్టు తరఫున, 1,211 యార్డులు చేశాడు. మొత్తం 20 సీజన్లు, 22,895 యార్డులు. రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జ్‌జెరాల్డ్‌వి 17,492, తేడా మీరే చూడండి. ఇంత ఆడీ, 2010లో హాల్ ఆఫ్ ఫేమ్ (ఆటలో గొప్పవాళ్ళకిచ్చే గౌరవం) స్పీచ్‌లో ఓడిపోతానన్న భయమే తనని నడిపించిందని, ఆ రోజుల్ని సరిగా ఎంజాయ్ చెయ్యలేకపోయానని చెప్పుకున్నాడు, అది విని నాకైతే జాలేసింది.

చూడ్డానికి మజా అంటే ఇంకో రిసీవర్ రాండీ మాస్‌దే అంటారా, ఒప్పుకుంటా. ఒక సీజన్‌లో రైస్ పట్టిన 22 టచ్‌డౌన్ల (బంతిని అవతలి చివరి గీత దాటించి చేసే స్కోరు) రికార్డుని 2007లో 23తో దాటింది ఆయనే. కాకపోతే దానికి ఆయనకి 16 మ్యాచ్‌లు పట్టాయి, రైస్ 1987లో ఆటగాళ్ళ సమ్మె పుణ్యమా అని ఆడింది 12.