మాక్రోకు కనిపించని ఫోల్డరు: షేర్‌పాయింట్ లైబ్రరీలపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి మాకు అందిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే ఇబ్బంది చుట్టూ తిరుగుతున్నాయి: ఫైళ్లు షేర్‌పాయింట్‌కు (సంస్థలు ఫైళ్లను వెబ్‌లో పంచుకునే మైక్రోసాఫ్ట్ సేవ) మారాక ఎక్సెల్ మాక్రోలు వాటిని అందుకోలేకపోవడం. అందుకని వాటన్నిటినీ ఒకచోట చేర్చి, మిగతా విషయాలను వచ్చే సంచికకు ఉంచాము.

ప్రశ్న: మా కార్యాలయంలో శాఖలవారీ నెలసరి ఖర్చుల ఎక్సెల్ ఫైళ్లు ఏళ్ల తరబడి ఒక నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉండేవి. ఒక మాక్రో (ఎక్సెల్‌లో పనులను తనంతట తానే చేసే చిన్న ప్రోగ్రాము) వాటిని ఒక్కొక్కటిగా తెరిచి, మొత్తాలను ఒకే షీటులోకి చేర్చేది. ఇటీవల ఆ ఫైళ్లన్నిటినీ షేర్‌పాయింట్ డాక్యుమెంట్ లైబ్రరీకి మార్చారు. పాత దారి తీసేసి లైబ్రరీ వెబ్ చిరునామా ఇస్తే, ఫోల్డరులోని ఫైళ్ల పేర్లు అడిగే డిర్ ఉన్న వరుస దగ్గరే 'బ్యాడ్ ఫైల్ నేమ్ ఆర్ నంబర్' అంటూ 52వ నంబరు ఎర్రర్ వస్తోంది. అదే చిరునామాకు ఫైలు పేరు కలిపి వర్క్‌బుక్స్ డాట్ ఓపెన్‌కు ఇస్తే మాత్రం ఫైలు చక్కగా తెరుచుకుంటోంది. ఎందుకిలా?

జవాబు: మీ చిరునామాలో తప్పేమీ లేదు. డిర్ అనేది మాక్రోలు రాసే భాష వీబీఏలో మొదటినుంచీ ఉన్న ఫంక్షన్. అది ఫైళ్ల జాబితా కోసం విండోస్ ఫైల్ సిస్టమ్‌నే అడుగుతుంది. ఆ ఫైల్ సిస్టమ్‌కు తెలిసిన దారులు రెండే రకాలు: సీ, డీ వంటి డ్రైవ్ అక్షరంతో మొదలయ్యేవి, రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే నెట్‌వర్క్ దారులు. హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యేది దానికి దారే కాదు కాబట్టి, పేరు బాగాలేదని తిప్పి పంపుతుంది. వర్క్‌బుక్స్ డాట్ ఓపెన్ సంగతి వేరు. అది ఎక్సెల్ సొంత పద్ధతి. మీరు ఆఫీస్‌లో సైన్ ఇన్ అయిన ఖాతాతోనే అది సర్వర్‌తో నేరుగా మాట్లాడి ఫైలును తెచ్చుకోగలదు. డిర్‌కు చెప్పిందే వీబీఏలో ఫైళ్లతో పనిచేసే ఫైల్‌సిస్టమ్ఆబ్జెక్ట్, ఫైల్‌కాపీ, కిల్ (ఫైలును తీసేసేది), ఫైల్‌లెన్ అన్నిటికీ వర్తిస్తుంది. పేరు తెలిసిన ఫైలును వెబ్ చిరునామాతో తెరవవచ్చు, సేవ్ యాజ్‌తో భద్రపరచవచ్చు. ఫోల్డరులో ఏయే ఫైళ్లున్నాయో మాత్రం ఆ చిరునామాతో తెలుసుకోలేరు. మీ మాక్రో ఆగిపోయింది సరిగ్గా ఇక్కడే.

శాఖల సంఖ్య మారదు, ఫైళ్ల పేర్లు ఒకే పద్ధతిలో ఉంటాయి అనుకుంటే అసలు డిర్ అవసరమే లేదు. శాఖల పేర్లను ఒక షీటులో రాసుకుని, ఒక్కొక్క పేరునూ చిరునామాకు కలుపుతూ తెరుచుకుంటూ పోతే సరిపోతుంది. చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు కానీ, ఏ శాఖ ఫైలు రాలేదో కూడా ఇందులో వెంటనే తెలిసిపోతుంది. ఫోల్డరులో ఉన్నవాటిని మాత్రమే లెక్కించే పాత మాక్రో ఆ సంగతి మీకు ఎన్నడూ చెప్పి ఉండదు.

పేర్లు ముందుగా తెలియనప్పుడు నేను మొదట సూచించేది సింక్, అంటే లైబ్రరీలోనూ మీ కంప్యూటర్‌లోనూ ఫైళ్లను ఒకేలా ఉంచే ఏర్పాటు. బ్రౌజర్‌లో లైబ్రరీ తెరిచి పైన ఉన్న సింక్ బటన్ నొక్కితే, వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఫైళ్ల నిల్వ ప్రోగ్రాము) ఆ లైబ్రరీని మీ కంప్యూటర్‌లో మామూలు ఫోల్డరుగా చూపిస్తుంది. అప్పుడు డిర్ దానిలో ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తుంది. ఆ ఫోల్డరు మీ యూజర్ ప్రొఫైల్ కింద, సంస్థ పేరున్న ఫోల్డరులో, సైటు పేరు, ఒక చిన్న గీత, లైబ్రరీ పేరు అనే వరుసలో కనిపిస్తుంది. యూజర్ పేరు కంప్యూటర్‌కొకటి కాబట్టి దాన్ని మాక్రోలో నేరుగా రాయకుండా, ఎన్విరాన్ ఫంక్షన్‌కు 'యూజర్‌ప్రొఫైల్' అని ఇచ్చి తీసుకోండి. సింక్‌కు బదులు 'యాడ్ షార్ట్‌కట్ టు వన్‌డ్రైవ్' వాడినవారికి అదే ఫోల్డరు వారి సొంత వన్‌డ్రైవ్ లోపల ఉంటుంది. దాని దారి 'వన్‌డ్రైవ్‌కమర్షియల్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (విండోస్ గుర్తుపెట్టుకునే విలువలో) దొరుకుతుంది. ఒకే కార్యాలయంలో ఇద్దరు ఈ రెండు పద్ధతులనూ వాడుతుంటే ఒకరి దగ్గర పనిచేసిన మాక్రో రెండోవారి దగ్గర ఆగిపోతుంది. అందువల్ల రెండు చోట్లా వెతికి, ఎక్కడా దొరక్కపోతే ఫోల్డరును ఎంచుకోమని వాడుకరిని అడిగే ఫైల్‌డైలాగ్ పెట్టడం క్షేమం.

సింక్ అయిన ఫోల్డరులో మేఘం గుర్తుతో కనిపించే ఫైళ్లు ఇంకా మీ డిస్కులోకి రాలేదని అర్థం. డిర్‌కు వాటి పేర్లు కనిపిస్తాయి; తెరిచినప్పుడే లోపలి సమాచారం దిగుతుంది. మొదటిసారి లూప్ (ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరిచే భాగం) నెమ్మదిగా నడిస్తే మాక్రో పాడైందని కంగారుపడకండి. ఫోల్డరుపై కుడి క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' ఎంచుకుంటే ఫైళ్లు ముందే దిగి సిద్ధంగా ఉంటాయి.

ప్రశ్న: మీరు పైన చెప్పిన పద్ధతిలోనే సింక్ చేసుకున్నాను. ఫైలును కూడా సింక్ ఫోల్డరులోంచే, ఎక్స్‌ప్లోరర్‌లో డబుల్ క్లిక్ చేసి తెరుస్తున్నాను. అయినా మాక్రో ఉన్న ఫైలు ఏ ఫోల్డరులో ఉందో చెప్పే దిస్‌వర్క్‌బుక్ డాట్ పాత్ నాకు వెబ్ చిరునామానే ఇస్తోంది. పక్కనున్న ఫైళ్లను చదవాల్సిన మాక్రో దీనివల్ల నడవడం లేదు.

జవాబు: ఫైలు మీ డిస్కులో ఉన్నా, అది షేర్‌పాయింట్‌కు చెందినదని ఆఫీస్ గుర్తుపడుతుంది. నలుగురూ ఒకేసారి దిద్దుకోవడానికీ, ఆటోసేవ్ పనిచేయడానికీ అది ఫైలును దాని వెబ్ చిరునామాతోనే లెక్కలో ఉంచుకుంటుంది. కాబట్టి పాత్ అడిగితే అదే చెబుతుంది. ముందుగా మాక్రోలో పాత్‌లోని మొదటి నాలుగు అక్షరాలు హెచ్‌టీటీపీ అవునో కాదో చూడండి. అవునైతే దాన్ని డిస్కు దారిగా మార్చుకోవాలి.

ఈ మార్పిడిని దగ్గరగా చూద్దాం. సైటు పేరు 'ఖాతాలు', లోపలి ఫోల్డరు 'నెలసరి' అనుకోండి. వెబ్ చిరునామాలో సర్వర్ పేరు, తరువాత 'సైట్స్', తరువాత 'ఖాతాలు', తరువాత 'షేర్డ్ డాక్యుమెంట్స్', చివర 'నెలసరి' ఉంటాయి. డిస్కులో మాత్రం ఫోల్డరు పేరు 'ఖాతాలు - డాక్యుమెంట్స్', దాని లోపల 'నెలసరి'. తెరమీద 'డాక్యుమెంట్స్' అని కనిపించే లైబ్రరీ చిరునామాలో 'షేర్డ్ డాక్యుమెంట్స్' అని ఉంటుంది. చిరునామాను ముక్కలు చేసి డిస్కు దారిని అల్లాలనుకునేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. దీనికితోడు వెబ్ దారిలో ముందుకు వాలిన గీతలు, డిస్కు దారిలో వెనక్కు వాలిన గీతలు ఉంటాయి. పేర్లలో ఖాళీ ఉన్నచోట కొన్నిసార్లు శాతం గుర్తు, 20 కలిసి కనిపిస్తాయి. ఈ రెండింటినీ రిప్లేస్ ఫంక్షన్‌తో సరిచేసుకోవాలి.

ఊహించి అల్లడంకంటే నమ్మదగిన పద్ధతి ఒకటి ఉంది. ఏ వెబ్ చిరునామా డిస్కులో ఏ ఫోల్డరుకు ముడిపడిందో వన్‌డ్రైవ్ విండోస్ రిజిస్ట్రీలో (విండోస్ తన అమరికలను ఉంచుకునే చోట) రాసి ఉంచుతుంది. కరెంట్ యూజర్ విభాగంలో సాఫ్ట్‌వేర్, సింక్ఇంజిన్స్, ప్రొవైడర్స్, వన్‌డ్రైవ్ అనే వరుసలో వెళ్తే, సింక్ అయిన ఒక్కొక్క లైబ్రరీకి 'యూఆర్ఎల్‌నేమ్‌స్పేస్', 'మౌంట్‌పాయింట్' అనే రెండు విలువలు కనిపిస్తాయి. మొదటిది వెబ్ చిరునామా, రెండోది డిస్కు దారి. మీ పాత్ మొదటిదానితో మొదలవుతుంటే ఆ భాగాన్ని రెండోదానితో మార్చండి. లైబ్రరీ మొత్తాన్ని కాకుండా లోపలి ఒక ఫోల్డరును మాత్రమే సింక్ చేసుకున్నవారికి ఈ మార్పిడి ఒక మెట్టు అటూ ఇటూ కావచ్చు. కాబట్టి వచ్చిన దారి నిజంగా ఉందో లేదో డిర్‌తో చూసుకున్నాకే ముందుకు వెళ్లండి.

ప్రశ్న: మా సంస్థలో సింక్‌కు అనుమతి లేదు. ఫైళ్ల జాబితా తెచ్చుకునే దారే లేదా?

జవాబు: ఉంది. ఎక్సెల్‌లో బయటి సమాచారాన్ని తెచ్చి అమర్చే పవర్ క్వెరీకి షేర్‌పాయింట్ ఫోల్డరు నుంచి సమాచారం తెచ్చే ఏర్పాటు ఉంది. అది లైబ్రరీలోని ఫైళ్ల పేర్లను, ఫోల్డరు దారులను, మార్చిన తేదీలను పట్టికగా ఇస్తుంది. దానికి ఫోల్డరు చిరునామా కాదు, సైటు చిరునామా మాత్రమే ఇవ్వాలి. ఆ తరువాత 'ఫోల్డర్ పాత్' నిలువు వరుసలో మీకు కావలసిన ఫోల్డరును వడకట్టుకోవాలి. సైటులో వేల ఫైళ్లుంటే ఇది నెమ్మదిస్తుంది. అప్పుడు 'షేర్‌పాయింట్ డాట్ ఫైల్స్' బదులు 'షేర్‌పాయింట్ డాట్ కంటెంట్స్' వాడితే ఒక్కొక్క మెట్టుగా ఆ ఫోల్డరు దాకా దిగవచ్చు. మీ మాక్రో చేయవలసింది ఆ పట్టికను రిఫ్రెష్ చేసి, ఫోల్డరు దారికి పేరును కలిపి, వర్క్‌బుక్స్ డాట్ ఓపెన్‌కు ఇవ్వడమే. రిఫ్రెష్ చేసేటప్పుడు బ్యాక్‌గ్రౌండ్‌క్వెరీని ఫాల్స్‌గా ఉంచడం మరిచిపోకండి. లేకపోతే పట్టిక నిండకముందే లూప్ మొదలై, పాత జాబితాతో నడుస్తుంది. ఫైళ్లలోని అంకెలను కూడటం ఒక్కటే మీ అవసరమైతే ఆ పనిని కూడా పవర్ క్వెరీకే అప్పగించమని నా సలహా. మాక్రో అవసరమే పడదు.

ప్రశ్న: సర్వర్ పేరు పక్కన ఎట్ గుర్తు, ఎస్ఎస్ఎల్, తరువాత డావ్‌డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూరూట్ అని ఉండే నెట్‌వర్క్ దారిని వాడుతున్నాను. ఒకరోజు పనిచేస్తుంది, మరునాడు చేయదు.

జవాబు: ఆ దారి విండోస్‌లోని వెబ్‌క్లయింట్ సర్వీస్ మీద ఆధారపడుతుంది. ఆ సర్వీస్ నడుస్తూ ఉండాలి, షేర్‌పాయింట్‌లో మీ లాగిన్ గడువు తీరకుండా ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా డిర్ చేతులెత్తేస్తుంది. పైగా ఆ సర్వీస్ మామూలుగా 5,00,00,000 బైట్లకు మించిన ఫైలును తేనివ్వదు. మైక్రోసాఫ్ట్ 2023 నవంబరులో వెబ్‌క్లయింట్‌ను ఇకపై అభివృద్ధి చేయని అంశాల జాబితాలో చేర్చింది. ఉన్న మాక్రోను కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. కొత్త పనిని మాత్రం దానిమీద కట్టవద్దు.

ప్రశ్న: షేర్ బటన్ ద్వారా వచ్చిన లింకును మాక్రోలో పెడితే ఫైలు తెరుచుకోవడం లేదు.

జవాబు: అది మనుషులకు పంపే లింకు, అందులో ఫైలు అసలు దారి బదులు ఒక సంకేతం ఉంటుంది. ఫైలును డెస్క్‌టాప్ ఎక్సెల్‌లో తెరిచి, ఫైల్ మెనూలో ఇన్ఫో పేజీలోని 'కాపీ పాత్' నొక్కి వచ్చిన చిరునామాను వాడండి. దాని చివర ప్రశ్నార్థకంతో మొదలై 'వెబ్ ఈక్వల్స్ 1' అని ఉంటే ఆ భాగాన్ని తీసేయండి. ఫైలు పేరులో హ్యాష్ గుర్తు ఉంటే చిరునామాలో దానికి బదులు శాతం గుర్తు, 23 రాయాలి.

ప్రశ్న: లైబ్రరీలోని ఫైళ్లను మాక్రోతో చదవడమే కాకుండా దిద్దడం, పాతవాటిని తీసేయడం కూడా చేయవచ్చునా? మేము నలుగురం ఒకే ఫోల్డరుతో పనిచేస్తాము.

జవాబు: చేయవచ్చు. కానీ ఈ ప్రశ్నకు కాస్త హెచ్చరికగానే జవాబివ్వాలి. చాలా ఏళ్ల కిందట నేనొక కార్యాలయానికి మాక్రో రాసిచ్చాను. అది అంకెలన్నీ చేర్చాక, సింక్ ఫోల్డరులోని పాత ఫైళ్లను కిల్‌తో తుడిచేది. అవి నా కంప్యూటర్‌లోని నకళ్లు మాత్రమేనని నేను అనుకున్నాను. సింక్ ఫోల్డరులో తీసేస్తే లైబ్రరీలోనూ పోతుంది. అందరి దగ్గరా పోతుంది. ఆ సాయంత్రం మూడు శాఖలవారు తమ ఫైళ్లు లేవంటూ ఫోన్ చేశారు. షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో తీసేసిన ఫైళ్లు 93 రోజులు రీసైకిల్ బిన్‌లో ఉంటాయి కాబట్టి ఆ రాత్రి వాటిని వెనక్కు తెచ్చుకోగలిగాము. అప్పటినుంచి నేను పంచుకున్న లైబ్రరీలో కిల్ వాడలేదు. తీసేయవలసినవాటిని 'పాతవి' అనే ఫోల్డరులోకి జరిపించి, అసలు తొలగింపును ఒక మనిషి చేతికే వదిలేస్తాను.

దిద్దే విషయానికి వస్తే, కేవలం చదవడానికి తెరిచే ప్రతి ఫైలునూ రీడ్‌ఓన్లీ ట్రూ అని చెప్పి తెరవండి. ఇతరుల పనికి అడ్డు రాదు, పొరపాటున మార్పులు సేవ్ కావు. దిద్దవలసిన ఫైలు తెరుచుకున్న వెంటనే ఆటోసేవ్ఆన్‌ను ఫాల్స్ చేయండి. లేకపోతే మాక్రో సగంలో ఆగినా అప్పటిదాకా చేసిన సగం మార్పులు లైబ్రరీలోకి వెళ్లిపోతాయి. మీ లైబ్రరీలో చెక్‌అవుట్ (దిద్దేముందు ఫైలును మీ పేరున తీసుకోవడం) తప్పనిసరి అయితే, ముందుగా క్యాన్‌చెక్‌అవుట్‌తో అడిగి, ఆ తరువాతే చెక్‌అవుట్ చేయండి. పని ముగిశాక చెక్‌ఇన్ చేయకపోతే మీ మార్పులు మిగతావారికి కనిపించవు, వారెవరూ దిద్దలేరు కూడా. మాక్రో ఎర్రర్‌తో ఆగినప్పుడు కూడా ఆ చెక్‌ఇన్ జరిగేలా ఎర్రర్ హ్యాండ్లర్‌లోనూ ఆ వరుసను రాయండి.

ప్రశ్న: మాక్రో ఉన్న ఫైలునే లైబ్రరీలో పెట్టాము. కొందరికి మాక్రోను అడ్డుకున్నట్టు ఎర్ర పట్టీ కనిపిస్తోంది, కొందరికి కనిపించడం లేదు.

జవాబు: వారు ఫైలును ఏ దారిలో తెరిచారో కనుక్కోండి. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను అడ్డుకోవడాన్ని ఆఫీస్ 2022లో మామూలు పద్ధతిగా చేసింది. బ్రౌజర్ ద్వారా డౌన్‌లోడ్ చేసిన ఫైలుకు ఇంటర్నెట్ నుంచి వచ్చిందన్న గుర్తు పడే అవకాశం ఉంది. షేర్‌పాయింట్‌లోనే 'ఓపెన్ ఇన్ డెస్క్‌టాప్ యాప్' ఎంచుకుని తెరిచినా, సింక్ ద్వారా వచ్చినా ఆ గుర్తు ఉండదు. కాబట్టి డౌన్‌లోడ్ చేసుకోవద్దని అందరికీ చెప్పండి. ఇప్పటికే చేసుకున్నవారు ఫైలు ప్రాపర్టీస్‌లో 'అన్‌బ్లాక్' గడిని టిక్ చేసుకుంటే చాలు. బ్రౌజర్‌లోనే ఎక్సెల్ తెరిచి పనిచేసేవారికి మాత్రం వీబీఏ మాక్రో నడవదు. వారు డెస్క్‌టాప్ ఎక్సెల్‌కు రావలసిందే.