ఓడిన్ ఇచ్చిన కన్ను, ఆటగాడు కొనే ఈటె: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: నార్స్ పురాణాల (ప్రాచీన స్కాండినేవియా ప్రజల దేవతల కథల) ఆధారంగా తయారైన ఒక యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్‌ను ఫోన్‌లో ఆడుతున్నాను. అందులో తొమ్మిది లోకాలు, వాటిని కలిపే దారులు, లోకానికొక రాజు ఉన్న పెద్ద పటం కనిపిస్తుంది. ఇదంతా మూల గ్రంథాలలో ఉన్నదేనా, లేక ఆట తయారుచేసినవారి కల్పనా?

సమాధానం: పునాది పాతది, కట్టడం చాలావరకు కొత్తది. ఈ పురాణాలకు మనకు మిగిలిన ప్రధానమైన మూలాలు రెండు, అవి రెండూ ఐస్‌లాండ్‌లో రాసినవే. ఒకటి పద్య ఎడ్డాగా పిలిచే ప్రాచీన గీతాల సంకలనం. దాని ముఖ్యమైన వ్రాతప్రతి 13వ శతాబ్దపు రెండవ భాగానికి చెందినది. మరొకటి స్నోరీ స్టుర్లుసన్ (1179–1241) సుమారు 1220 ప్రాంతంలో రచించిన గద్య ఎడ్డా. ఐస్‌లాండ్ ప్రజలు క్రైస్తవాన్ని స్వీకరించింది 1000వ సంవత్సరం ప్రాంతంలో కాబట్టి, పాత దేవతల కథలు ఇలా గ్రంథస్థమయ్యేసరికి ఆ దేవతల ఆరాధన ఆగిపోయి రెండు శతాబ్దాలు దాటింది. అందువల్లనే ఈ కథలలో ఖాళీలు ఉన్నాయి, ఒకదానితో ఒకటి పొసగని చోట్లు కూడా ఉన్నాయి.

లోకాలు తొమ్మిది అని గీతాలు స్పష్టంగానే చెబుతాయి, కానీ ఆ తొమ్మిదింటి పేర్లను ఒకేచోట వరుసగా చెప్పిన పద్యం లేదు. అస్గార్డ్, మిడ్‌గార్డ్, యోతున్‌హైమ్ వంటి పేర్లు వేరువేరు సందర్భాలలో వస్తాయి. వాటిని ఏరి జాబితాగా కూర్చింది తరువాతి కాలపు పండితులు. కనుక మీరు చూస్తున్న పటం గీసినవారు తమ ఊహనే ఎక్కువగా వాడుకున్నారు. అందులో నాకు తప్పు కనిపించదు. అయితే ఇగ్‌డ్రసిల్ మహావృక్షం ఆ పటానికి వెనుక తెరగా మాత్రమే నిలిచిపోతే మంచి అవకాశం చేజారినట్లే. ఆ చెట్టు కొమ్మలలో ఒక డేగ, వేళ్ల దగ్గర నీద్‌హోగ్ అనే సర్పం ఉంటాయి. ఒకరి దూషణలను మరొకరికి మోస్తూ రాటటోస్క్ అనే ఉడుత వాటి మధ్య పైకీ కిందికీ పరుగెడుతుంది. ఆటగాడికి వార్తలు చేరవేయడానికి ఇంతకన్నా తగిన పాత్ర దొరకదు.

ప్రశ్న: బాస్ (దశ చివర ఎదురయ్యే పెద్ద శత్రువు) దెబ్బ కొట్టే క్షణంలోనే తప్పించుకునే బటన్ నొక్కుతున్నాను. అయినా దెబ్బ తగులుతోంది. లోపం నాదా, ఫోన్‌దా?

సమాధానం: రెండింటి పాత్రా ఉండవచ్చు. ఇటువంటి ఆటలలో హీరో దొర్లినప్పుడు చాలా స్వల్పకాలం పాటు దెబ్బ తగలని స్థితి ఉంటుంది. తెర మీద సెకనుకు 60 ఫ్రేములు వస్తుంటే ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 30 ఫ్రేములే వస్తుంటే సుమారు 33.3 మిల్లీసెకన్లు నిలుస్తుంది. ఫోన్ వేడెక్కినప్పుడు ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది కాబట్టి, 60 దగ్గర మొదలైన ఆట పోరాటం మధ్యలో 40కి జారి మళ్లీ పైకి లేస్తూ ఉంటుంది. మీ వేలు అలవాటుపడిన లయ అక్కడ చెదిరిపోతుంది. నీడల నాణ్యతనూ రిజల్యూషన్‌నూ తగ్గించి చూడండి. అప్పటికీ నిలకడ రాకపోతే ఫ్రేముల పరిమితిని 30కి మార్చండి, ఎందుకంటే ఊగిసలాడే 60 కన్నా నిలకడైన 30 మేలు. దెబ్బ తగిలిందీ లేనిదీ సర్వర్ నిర్ణయించే ఆట అయితే నెట్‌వర్క్ జాప్యం కూడా దీనికి తోడవుతుంది.

ఆయుధం మీకు తాకే క్షణాన్ని కాక, బాస్ భుజం కదలడం మొదలయ్యే క్షణాన్ని గమనించడం నేర్చుకోండి. ఆటో పోరాటాన్ని మాత్రం కొత్త బాస్ ఎదురైనప్పుడు ఆపివేయండి. అది మీ బదులు గెలవగలదు, కానీ మీకు ఆ కదలికలు నేర్పలేదు.

ప్రశ్న: దేవతల అధిపతి ఓడిన్ ఈటె గుంగ్‌నిర్ గాచాలో (చీటీ తీసినట్లు ఆయుధాలు తీసే ఏర్పాటులో) వచ్చే అవకాశం 1 శాతం అని రాసి ఉంది. 100 సార్లు తీస్తే తప్పక వస్తుంది కదా?

సమాధానం: రాదు, లేదా రావచ్చు, తప్పక అన్న మాట మాత్రం ఇక్కడ చెల్లదు. ప్రతిసారీ రాకపోయే అవకాశం 99 శాతం కాబట్టి, వరుసగా 100 సార్లు రాకపోయే అవకాశం దాదాపు 37 శాతం. అంటే మీలాగా 100 సార్లు తీసినవారిలో మూడో వంతుకు పైగా ఆ ఈటె లేకుండానే మిగిలిపోతారు. సగానికి సగం అవకాశం చేరడానికే 69 సార్లు తీయాలి. 300 సార్లు తీసినా ఇంకా సుమారు 5 శాతం మందికి అది దక్కదు. ఇన్నిసార్లు తీసిన తరువాత ఖాయంగా ఇస్తామన్న హామీ మీ ఆటలో ఉందో లేదో, ఉంటే ఆ లెక్క తరువాతి ఈవెంట్‌కు కొనసాగుతుందో సున్నాకు వెళుతుందో నిబంధనలలో చదవండి. ఈ సంభావ్యతలను ఆటగాళ్లకు వెల్లడించాలన్న నియమం చైనాలో 2017 మే నుంచి, దక్షిణ కొరియాలో 2024 మార్చి నుంచి చట్టబద్ధంగా అమలులో ఉంది. ఆపిల్ సంస్థ కూడా 2017 డిసెంబరులో తన యాప్ స్టోర్ నిబంధనలలో దీనిని చేర్చింది.

నాకు బాధ కలిగించేది లెక్క కన్నా ఈ ఏర్పాటుకూ పురాణానికీ ఉన్న వైరుధ్యం. నార్స్ కథలలో శక్తి ఎవరికీ ఊరికే రాదు, అదృష్టవశాత్తూ రాదు. దాని వెల ఒంటి మీద కనిపిస్తుంది. మీమిర్ బావిలోని జ్ఞానజలం ఒక్క గుక్క తాగడానికి ఓడిన్ తన కన్ను ఇచ్చాడు. రూన్ లిపి రహస్యం కోసం ఈటెపోటు గాయంతో, తిండీ నీరూ లేకుండా తొమ్మిది రాత్రులు చెట్టుకు వేలాడాడు. ఫెన్రిర్ తోడేలును బంధించడానికి మరుగుజ్జులు పిల్లి అడుగుల చప్పుడు, స్త్రీ గడ్డం, పర్వతపు వేరు, ఎలుగుబంటి నరం, చేప శ్వాస, పక్షి ఉమ్మి కలిపి గ్లైప్నిర్ అనే పట్టువంటి బంధనం చేశారు. మోసం లేదన్న నమ్మకం కలిగించడానికి తోడేలు నోట్లో చేయి పెట్టిన టీర్ అనే దేవుడు ఆ చేతిని కోల్పోయాడు. గెర్ద్ అనే యువతి మీది ప్రేమకొద్దీ తన ఖడ్గాన్ని సేవకుడికి ఇచ్చివేసిన ఫ్రేయ్ అనే దేవుడు, ప్రళయకాలంలో అది లేకుండానే సుర్త్ అనే అగ్నిరాక్షసుడిని ఎదుర్కొని మరణించాడు. ఇంత స్పష్టమైన ఇచ్చిపుచ్చుకోలు ఉన్న కథల నుంచి ఆట తయారుచేసేవారు నిజంగా నేర్చుకుంటే, గుంగ్‌నిర్ చేపట్టిన హీరోకు ఒకవైపు చూపు తగ్గాలి. గ్లైప్నిర్ వాడినవాడికి ఒక చేతి స్కిల్ శాశ్వతంగా పోవాలి. అప్పుడు ఆటగాడు ఆయుధాన్ని ఎంచుకునే ముందు ఆగి ఆలోచిస్తాడు. డబ్బుతో తీసే చీటీలో ఆ ఆలోచనకు చోటే లేదు. నా సలహా అడిగితే, ఉచితంగా వచ్చే అవకాశాలను వాడుకోండి, ఈటె కోసం డబ్బు పెట్టకండి.

ప్రశ్న: ఆటలోని వైకింగ్ యోధులందరికీ కొమ్ముల శిరస్త్రాణాలే ఉన్నాయి. నిజంగా అలా ధరించేవారా?

సమాధానం: వైకింగులు యుద్ధంలో కొమ్ముల శిరస్త్రాణాలు ధరించారనడానికి ఆధారం లేదు. నార్వేలోని యెర్ముండ్‌బూ దగ్గర 1943లో దొరికిన వైకింగ్ కాలపు శిరస్త్రాణం గుండ్రంగా, కళ్ల చుట్టూ ఇనుప రక్షణతో ఉంటుంది, దానికి కొమ్ములు లేవు. 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో ప్రదర్శించిన రిచర్డ్ వాగ్నర్ సంగీత నాటకాలకు కార్ల్ ఎమిల్ డోప్లర్ రూపొందించిన వేషాలు ఈ చిత్రాన్ని లోకమంతా వ్యాపింపజేశాయి. ఆట మెనూలలో కనిపించే 24 అక్షరాల రూన్ లిపి కూడా వైకింగుల కాలానికి ముందుదే. వారి కాలంలో స్కాండినేవియాలో వాడుకలో ఉన్న వరుసలో 16 అక్షరాలే ఉన్నాయి.

ప్రశ్న: మా ఆటకు రెండు ముగింపులు ఉన్నాయి. ఒకదానిలో హీరో రాగ్నరోక్‌ను (దేవతల ప్రళయాన్ని) ఆపి ఓడిన్‌ను కాపాడతాడు, రెండవదానిలో ఓడిన్ మరణిస్తాడు. ఏది ముందు చూడాలి? చనిపోయిన హీరో వల్హల్లాలో (యుద్ధంలో మరణించిన వీరులు చేరే ఓడిన్ మందిరంలో) మళ్లీ లేవడం కూడా పురాణంలో ఉందా?

సమాధానం: ఉంది, ఆటకు అంత చక్కగా అతికే భాగం ఈ పురాణాలలో మరొకటి లేదు. వల్హల్లాకు 540 ద్వారాలు, తోడేలుతో పోరుకు వెళ్లేనాడు ఒక్కో ద్వారం నుంచి 800 మంది యోధులు బయటకు వస్తారని గీతం చెబుతుంది. యుద్ధంలో మరణించి అక్కడికి చేరిన వీరులు రోజూ ఒకరితో ఒకరు పోరాడి, సాయంకాలానికి తిరిగి కలిసి విందుకు కూర్చుంటారు. వారు తినే వరాహం కూడా ప్రతి సాయంకాలం మళ్లీ ప్రాణంతో లేస్తుంది. యుద్ధంలో మరణించినవారిలో సగం మందిని మాత్రం ఫ్రేయా దేవి తన ఫోల్క్‌వాంగ్‌కు తీసుకుపోతుందన్న సంగతిని చాలా ఆటలు వదిలేస్తాయి. ఈ సాధన అంతా ఓటమి ఖాయమని ఓడిన్‌కు ముందే తెలిసిన ఒక యుద్ధం కోసం. ఆ రోజున అతడిని ఫెన్రిర్ మింగుతుంది. ఉరుముల దేవుడు థార్ మహాసర్పాన్ని చంపి, దాని విషం వల్ల తొమ్మిది అడుగులు వేసి కూలిపోతాడు.

హీరో రాగ్నరోక్‌ను ఆపివేసే ముగింపులో గెలిచిన సంతోషం ఉంటుంది, కానీ అంతవరకు చేసిన సాధనకు అర్థం పలచబడుతుంది. పైగా మూలకథలో వినాశం తరువాత కూడా కథ ఉంది. భూమి సముద్రం నుంచి పచ్చగా పైకి వస్తుంది, అంతకుముందే చనిపోయిన ఓడిన్ కుమారుడు బాల్డర్ తిరిగి వస్తాడు, లీఫ్, లీఫ్‌థ్రాసిర్ అనే ఇద్దరు మనుషులు అడవిలో దాగి బ్రతుకుతారు. దేవతలు తొలినాళ్లలో ఆనందంగా ఆడుకున్న బంగారు పావులు గడ్డిలో మళ్లీ దొరుకుతాయని కూడా గీతం అంటుంది. ఆటలు తయారుచేసేవారు ఈ ఒక్క పాదాన్ని పట్టుకున్నా రెండవసారి ఆడే విధానానికి కావలసిన ఆలోచన దొరుకుతుంది. థార్ కుమారులు మాగ్ని, మోది తండ్రి సుత్తి మ్యోల్నిర్‌కు వారసులవుతారు కాబట్టి, కొత్త హీరోకు పాత సంపద అంతా కాక ఆ ఒక్క ఆయుధమే చేతికి రావడం మూలానికి దగ్గరగా ఉంటుంది. కనుక ఓడిన్ మరణించే ముగింపునే ముందు చూడండి. మీ ఆటలో దాని తరువాత మరో అధ్యాయం తెరుచుకుంటే, దానిని ఓడిన్‌ను కాపాడే ముగింపు కన్నా ముందే ఆడండి.